ఫ్యామిలీ కోర్టులో 26 నెలలు: మా పాప ఎవరి దగ్గర ఉండాలో తేల్చిన తీరు మీద ఒక తండ్రి రివ్యూ

తీర్పు వచ్చి మూడు వారాలైంది. పాప వాళ్ళమ్మ దగ్గరే ఉంటుంది. రెండో శనివారం, నాలుగో శనివారం ఉదయం 10 గంటల నుంచి ఆదివారం సాయంత్రం 6 దాకా నా దగ్గర. వేసవి సెలవుల్లో సగం రోజులు నాతో. ప్రతి బుధవారం రాత్రి 7:30కి వీడియో కాల్. నేను పిటిషన్‌లో అడిగింది పూర్తి కస్టడీ. ఆ లెక్కన నేను ఓడిపోయినట్టే. అయినా కోపంతో రాయడం లేదు, ఎవరినో తిట్టడానికీ రాయడం లేదు. ఈ 26 నెలల్లో ఆ కోర్టు కొన్ని పనులు చాలా బాగా చేసింది, కొన్ని చాలా అన్యాయంగా చేసింది. రెండూ చెప్పాలి.

నేను ఫార్మా కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజర్‌ని. చట్టం చదువుకున్నవాణ్ణి కాదు. కేసు వేసే ముందు తెలిసినవాళ్ళని అడిగితే తలా ఒక మాట చెప్పారు. అందులో సగం తప్పని తర్వాత తెలిసింది. లోపల ఏం జరుగుతుందో, జడ్జి దేన్ని చూస్తారో, దేన్ని పక్కన పెడతారో అప్పుడే ఎవరైనా విడమర్చి చెప్పి ఉంటే నాకు ఏడాది కలిసొచ్చేది. ఊరు పేరు, కోర్టు పేరు చెప్పను. పాప పేరు అసలే చెప్పను.

మేం విడిపోయేనాటికి పాపకి నాలుగేళ్ళ నాలుగు నెలలు. 'ఐదు నిండేదాకా ఆగరా, ఐదు దాటితే తండ్రికే ఇస్తారు' అని మా బాబాయి దగ్గర్నుంచి ఫ్యాక్టరీలో తోటివాళ్ళ దాకా అందరూ అదే పాట. నమ్మి ఎనిమిది నెలలు ఆగాను. ఆ మాటకి మూలం 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 6వ సెక్షన్. ఐదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని అందులో ఉంది. ఐదు దాటగానే తండ్రికి అప్పగించాలని మాత్రం ఎక్కడా లేదు. అదే చట్టం 13వ సెక్షన్‌లో బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని రాసి ఉంది. ఇంకోటి కూడా చెప్పాలి. 6వ సెక్షన్‌లో సహజ సంరక్షకుడు తండ్రి, అతని 'తర్వాత' తల్లి అని ఉంటుంది. మా వాళ్ళు దాన్ని పట్టుకుని ధైర్యం చెప్పేవారు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీం కోర్టు ఆ 'తర్వాత' అన్న మాటకి తండ్రి చనిపోయాక అని ఒక్కటే అర్థం కాదని, తండ్రి దగ్గర లేకపోయినా, పట్టించుకోకపోయినా తల్లి సంరక్షకురాలేనని తేల్చేసింది. ఇవేవీ తెలియక నేను ఆగిన ఎనిమిది నెలల్లో పాప, వాళ్ళమ్మ ఊళ్ళోని స్కూల్లో చేరింది, స్నేహితులైపోయారు, అక్కడి గది తన గదైపోయింది. తర్వాత కోర్టులో అదే నాకు ఎదురైంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. కేసు మా ఊళ్ళో వేశాం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఏ మతం వాళ్ళకైనా వర్తిస్తుంది. దాని 9వ సెక్షన్ ప్రకారం పిల్లలు మామూలుగా ఎక్కడ ఉంటున్నారో అక్కడి కోర్టులోనే పిటిషన్ వేయాలి. తండ్రి ఊరు, పెళ్ళి జరిగిన ఊరు లెక్కలోకి రావు. ఈ ముక్క మా మొదటి లాయరుకి తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. 'చూద్దాం సార్' అన్నారు. నాలుగు నెలల తర్వాత పిటిషన్ రిటర్న్ అయింది. మళ్ళీ 140 కిలోమీటర్ల అవతల, పాప ఉండే ఊళ్ళోని కోర్టులో కొత్తగా వేశాం. మీరు వేసే ముందు లాయరుని ఇదొక్కటి సూటిగా అడగండి.

వాయిదాల సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఇది ప్రతి కోర్టులోనూ ఉండేదే. నోటీసు అందడానికి రెండు వాయిదాలు, కౌంటర్‌కి, అంటే అవతలివాళ్ళ జవాబుకి మూడు, జడ్జి గారి సెలవు ఒకటి, లాయర్ల బాయ్‌కాట్ రెండు. నైట్ డ్యూటీ దిగి తెల్లవారుజామున బస్సెక్కి, పదిన్నరకి హాల్లో నిలబడి, మధ్యాహ్నం మూడింటికి 'వచ్చే నెల 18' అని విని, ఇంకో నాలుగు గంటలు వెనక్కి ప్రయాణం చేసిన రోజులున్నాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు పెట్టుకుంటే తర్వాతి తేదీ, ఆ రోజు ఏం జరగాలో కనిపిస్తుంది. అది మాత్రం నిజంగా పనికొచ్చింది.

ఇక అసలు విషయం, కౌన్సెలింగ్.

1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందుగా రాజీకి ప్రయత్నం చేయాలి. అందుకని మమ్మల్ని కౌన్సెలర్ దగ్గరికి పంపారు. రాజీ కుదరదని నాకు తెలుసు, పాప వాళ్ళమ్మకీ తెలుసు. ఇదొక తంతు అనుకుని వెళ్ళాను. చిన్న గది, మూడు కుర్చీలు, ఒక టేబుల్. యాభై దాటిన మేడమ్. మా గొడవ ఏమిటని అడగనే లేదు. ఇద్దరికీ చెరో తెల్ల కాగితం, చెరో పెన్ను ఇచ్చి, 'మీరంతా కలిసి ఉన్న రోజుల్లో ఒక మంగళవారం తీసుకోండి. పాప నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేసేదో రాయండి. పక్కవాళ్ళ కాగితం చూడకండి' అన్నారు.

నేను రాశాను. ఏడింటికి లేస్తుంది. స్నానం. స్కూలు. తిరిగొచ్చి ఆడుకుంటుంది. తింటుంది. పడుకుంటుంది. ఆరు లైన్లు. ఇంకేం రాయాలో తెలియలేదు. పెన్ను పట్టుకుని పక్కకి చూస్తే ఆమె కాగితం తిప్పి రెండో వైపు రాస్తోంది. అప్పుడు నా చెవులు వేడెక్కడం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇద్దరినీ అడిగి మేడమ్ కాగితాలు మార్చి ఇచ్చారు. ఆమె రాసిన దాంట్లో పాప లేవగానే పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడదని ఉంది. సాక్సు కుట్టు కాలివేళ్ళకి తగిలితే ఏడుస్తుంది కాబట్టి తిరగేసి తొడగాలని ఉంది. మిక్సీ చప్పుడంటే భయం, అది వేసే ముందు చెప్పాలి. చలికాలం రాత్రుళ్ళు దగ్గు ఎక్కువైతే నెబ్యులైజర్ పెట్టాలి, అది పెట్టుకోవడానికి ఒక కథ చెప్పాలి, కథలో ఏనుగు కచ్చితంగా ఉండాలి. నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. సాక్సు సంగతి నాకు తెలియదు. మూడు షిఫ్టులు తిరిగే ఉద్యోగం నిజమే, కానీ ఆ గదిలో అది చెప్పబుద్ధి కాలేదు.

తర్వాత మేడమ్ నన్నొక్కణ్ణే కూర్చోబెట్టి, 'మీరు నైట్ డ్యూటీకి వెళ్తే పాప దగ్గర ఎవరుంటారు?' అన్నారు. మా అమ్మ చూసుకుంటుందన్నాను. 'మీ అమ్మగారిని అడిగారా?' అన్నారు. అడగలేదు. ఆ రాత్రే అడిగాను. 'చూస్తాన్రా, నా మనవరాల్ని నేను చూడనా? కానీ రాత్రుళ్ళు లేవలేను నాన్నా, మోకాళ్ళు' అంది. పిటిషన్‌లో మాత్రం 'పిటిషనర్ తల్లి మైనర్ బాలికను అన్ని విధాలా చూసుకొనుటకు సిద్ధముగా ఉన్నది' అని ఉంది.

నాలుగు సిట్టింగులు జరిగాయి. మా ఇద్దరికీ రాజీ కుదరలేదు కానీ, ఈ కౌన్సెలింగ్‌కి నేను ఐదుకి ఐదు ఇస్తాను. కోర్టు దేన్ని చూస్తుందో నాకు అర్థమైంది ఆ కాగితంతోనే. అప్పటిదాకా భార్యాభర్తల్లో తప్పెవరిదో తేలితే పాప ఎవరిదో తేలుతుందనుకున్నాను. నాలాగే అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారని హాల్లో కూర్చున్నప్పుడల్లా వినిపించింది.

దీనికే ఇంకో సంఘటన. సాక్ష్యం దశలో 140 పేజీల వాట్సాప్ మెసేజీలు ప్రింట్ తీయించి పెట్టాను. ఫ్యామిలీ కోర్టులో సాక్ష్యం నిబంధనలు మామూలు కోర్టుల కంటే కాస్త సడలింపుగా ఉంటాయి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ ప్రకారం వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే ఎలాంటి కాగితమైనా జడ్జి తీసుకోవచ్చు. తీసుకున్నారు. జడ్జి మేడమ్ పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగి, 'ఇందులో పాప గురించి ఎక్కడుందో చూపించండి' అన్నారు. మా లాయరు వెతికారు. నేనూ వెతికాను. మూడు పేజీలు దొరికాయి. ఒకటి స్కూల్ ఫీజు, రెండు జ్వరం. మిగిలిందంతా మేమిద్దరం ఒకరినొకరు అనుకున్న మాటలే. ఆ మూడు పేజీలకే సాక్ష్యంగా మార్కు వేసి మిగతావి తిరిగిచ్చేశారు. ఇంత మందాన కట్ట చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చాను.

జీతం గురించి కూడా అపోహ ఉండేది. నా జీతం ఆమె జీతం కంటే రెట్టింపు పైమాటే. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచర్, పాప అదే స్కూల్లో చదువుతుంది. పే స్లిప్పులు పెడితే నాకే మొగ్గు అనుకున్నాను. తీర్పులో ఒక్క పేరాతో సరిపెట్టారు: తల్లి సంపాదన తక్కువైతే ఆ లోటు తండ్రి పోషణ ఖర్చు కింద భర్తీ చేయాలి, అంతేగానీ అది బిడ్డని మార్చడానికి కారణం కాదు. పాప పొద్దున్నే వాళ్ళమ్మతోనే స్కూలుకి వెళ్ళి, వాళ్ళమ్మతోనే తిరిగి రావడాన్ని మాత్రం రెండు పేరాల్లో రాశారు. 1890 చట్టం 17వ సెక్షన్‌లో బిడ్డ వయసు, ఆడా మగా, మతం, సంరక్షణ కోరేవాళ్ళ నడత, స్తోమత, బంధుత్వంలో దగ్గరితనం చూడాలని ఉంటుంది. వీటన్నిటి మీదా ఉండేది బిడ్డ బాగోగులు. 1973లోనే సుప్రీం కోర్టు పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కాదు, ఆటవస్తువులూ కాదని చెప్పింది. మా తీర్పులోనూ ఆ మాట ఎత్తి రాశారు.

ఇప్పుడు విజిటింగ్ గది. దీనికి నేను ఐదుకి ఒకటి కూడా ఇవ్వలేను.

తొమ్మిదో నెలలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మొదటి, మూడో శనివారాలు, ఉదయం 10:30 నుంచి 12:30 దాకా, కోర్టు ఆవరణలోనే పాపని చూడొచ్చు. ఆ గది పై అంతస్తులో, రికార్డు రూమ్ పక్కన. సగం గదిలో విరిగిన కుర్చీలు. ఒక ఫ్యాను. అట్టపెట్టెలో బొమ్మలు, అందులో ఒక లారీకి చక్రాలు లేవు. ఒకేసారి మూడు నాలుగు కుటుంబాలు. మా పక్కన రెండేళ్ళ బాబు ఒకడు వాళ్ళ నాన్నని గుర్తుపట్టక, రెండు గంటలూ తలుపు వైపే చేతులు చాపి ఏడ్చాడు. ఆ తండ్రి బాబుని ఎత్తుకోలేక, దించలేక నిలబడిన తీరు నేను మర్చిపోలేను. తను నాకంటే చిన్నవాడు.

గోడకి ఒక పెద్ద గడియారం ఉంది. మా పాప టైమ్ చూడడం నేర్చుకున్నది ఆ గదిలోనే. మొదట్లో 'నాన్నా, ఎన్నింటికి వెళ్ళిపోవాలి?' అని అడిగేది. పెద్ద ముల్లు ఆరు మీదకొస్తే అని చెప్పాను. ఆ తర్వాతి శనివారం నుంచి ఆడుతూ ఆడుతూ మధ్యలో ఆగి గోడ వైపు చూసి, 'ఇంకా ఏడు గీతలు', 'ఇంకా మూడు గీతలు' అని లెక్కపెట్టేది. వెళ్ళిపోవాలని తొందరో, వెళ్ళాల్సి వస్తుందని దిగులో నేను ఎప్పటికీ తెలుసుకోలేకపోయాను. ఏ బిడ్డా గడియారం అలా నేర్చుకోకూడదు.

ఒక శనివారం గదికి తాళం. తాళం చెవి ఉన్న ఉద్యోగి సెలవు. నేనూ పాపా రెండు గంటలూ మెట్ల మీద కూర్చున్నాం. ఇంకో రోజు బాత్రూమ్ గడియ ఊడిపోతే నేను తలుపు పట్టుకుని బయట నిలబడ్డాను, ఆరేళ్ళ పాప లోపల్నుంచి 'ఉన్నావా నాన్నా' అని అడుగుతూనే ఉంది. జడ్జి గారు ఎంత ఆలోచించి ఉత్తర్వు రాసినా, ఆ ఉత్తర్వు అమలయ్యే గది ఇలా ఉంటే బిడ్డకి అందేది ఇదే. పిల్లల ఎత్తుకి సరిపోయే నాలుగు కుర్చీలు, ఒక చాప, కొన్ని బొమ్మల పుస్తకాలు, సరైన గడియ ఉన్న బాత్రూమ్. వీటికి చట్టం మార్చక్కర్లేదు. నేను లిఖితపూర్వకంగా ఇచ్చాను. గడియ బిగించారు. మిగతావి కాలేదు.

ఆ గదిలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. జడ్జి గారు పాపతో మాట్లాడతారని తెలిశాక, అంతకు ముందు రెండు శనివారాలు పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, 'మేడమ్ అడిగితే నాన్న దగ్గరే ఉంటానని చెప్పు' అన్నాను. మొదటిసారి తలూపింది. రెండోసారి నా మొహం చూడలేదు, గడియారం చూసింది.

చాంబర్‌లోకి, అంటే జడ్జి గారి గదిలోకి పాపని పిలిచినప్పుడు తనకి ఆరున్నరేళ్ళు. ఫలానా వయసు దాటితేనే బిడ్డని అడగాలని మన చట్టంలో అంకె ఏమీ లేదు. తెలివిగా ఇష్టం చెప్పగల వయసు వచ్చిందనిపిస్తే ఆ ఇష్టాన్ని పరిగణించవచ్చు అంటుంది 1890 చట్టం 17వ సెక్షన్. మన దేశం 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ ఆర్టికల్ కూడా తమకి సంబంధించిన విషయంలో పిల్లల మాట వినాలంటుంది. అయితే బిడ్డ చెప్పిందే తీర్పు అవదు, ఎంత బరువు ఇవ్వాలో జడ్జి చూసుకుంటారు. మమ్మల్ని వరండాలో ఈ చివర ఒకరిని, ఆ చివర ఒకరిని కూర్చోబెట్టారు. లాయర్లని లోపలికి రానివ్వలేదు. తలుపు మూసే ముందు చూశాను, మేడమ్ నల్లకోటు తీసి కుర్చీకి వేసి, టేబుల్ వెనక నుంచి ఇవతలికి వచ్చి పాప పక్కన కూర్చుంటున్నారు.

35 నిమిషాలు. పాప ఒక పెన్సిలు, తను గీసిన బొమ్మ పట్టుకుని బయటికి వచ్చింది. ఏడవలేదు. లోపల ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు, అడగొద్దని కౌన్సెలర్ మేడమ్ ముందే గట్టిగా చెప్పారు. నెల తర్వాత తనంతట తనే చెప్పింది. 'ఎవరు కావాలని నన్ను అడగలేదు నాన్నా. నా బ్యాగు ఎక్కడ పెట్టుకుంటానో అడిగారు. జ్వరం వస్తే ఎవరు లేస్తారో అడిగారు. నీ దగ్గరికి వచ్చేటప్పుడు కడుపులో ఎలా ఉంటుందో అడిగారు.' ఎలా ఉంటుందని చెప్పావమ్మా అన్నాను. 'ముందు గుడగుడ, తర్వాత బాగుంటుంది అని చెప్పాను' అంది.

ఆ రోజు మధ్యాహ్నం హాల్లో అందరి ముందూ కాకుండా, మమ్మల్నిద్దరినీ దగ్గరికి పిలిచి మేడమ్ తగ్గు గొంతుతో అన్నారు. 'ఇద్దరూ పాపకి పాఠం చెప్పి పంపారు. ఎవరు ఏ వాక్యం చెప్పించారో కూడా నాకు తెలుసు. ఆ బిడ్డ మీ ఇద్దరినీ నొప్పించకూడదని ఎంత కష్టపడుతోందో మీకు తెలుసా?' నా దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గరా లేదు. ఈ చాంబర్ విషయంలో ఆ జడ్జి గారికి నేను ఎన్ని మార్కులైనా ఇస్తాను. మీ కేసులో కూడా మీ లాయరుని అడగండి, విచారణ బహిరంగంగా వద్దనుకుంటే ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ కింద ఇద్దరిలో ఏ ఒక్కరు కోరినా మూసిన తలుపుల వెనకే జరుగుతుంది. మాకు ఇది ఏడాది తర్వాత తెలిసింది. అప్పటిదాకా మా ఇంటి మాటలన్నీ హాలు నిండా ఉన్న కొత్తవాళ్ళు విన్నారు.

ఆ తర్వాత నేను కంపెనీలో ప్లాంట్ హెడ్ కాళ్ళావేళ్ళా పడి జనరల్ షిఫ్టుకి మారాను. అలవెన్స్ పోయింది. షిఫ్టు మార్చిన ఆ ఉత్తర్వు కాపీ పెట్టి మళ్ళీ ఒక ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేస్తే, 20వ నెలలో రాత్రి ఉంచుకోవడానికి అనుమతి వచ్చింది. 2020లో సుప్రీం కోర్టు ఒక తీర్పులో ఇద్దరి ప్రేమా బిడ్డకి హక్కని, కస్టడీ ఒకరికి ఇచ్చినా రెండోవాళ్ళతో బంధం తెగకుండా కలిసే వీలు, వీడియో కాల్ వీలు కల్పించాలని చెప్పింది. మా లాయరు (రెండో ఆయన, మంచివారు) దాన్నే ముందు పెట్టారు. ఆమె తరఫు నుంచి గట్టిగానే అభ్యంతరం వచ్చింది. 'పాపకి దగ్గు, రాత్రి ఆయనకి చేతకాదు' అన్నారు. మేడమ్ నా వైపు చూసి, 'నెబ్యులైజర్ ఎలా పెడతారు?' అని అడిగారు. చెప్పాను. ఏనుగు కథతో సహా చెప్పాను. పాప వాళ్ళమ్మ తలెత్తి చూసింది.

తుది ఉత్తర్వు బాగా రాశారు. అప్పగింత ఎక్కడో రాశారు: వాళ్ళ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, పోలీస్ స్టేషన్ దగ్గర కాదు. పాపకి ఒంట్లో బాగాలేక ఒక వారాంతం పోతే తర్వాతి వారాంతం ఇవ్వాలి. స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టు, మీటింగుల సమాచారం ఇద్దరికీ రావాలి. పాప ముందు ఒకరి గురించి ఒకరు చెడ్డగా మాట్లాడకూడదు. ఎవరైనా ఊరు మారితే ఏమిటన్నది మాత్రం రాయలేదు, అది లోటే. అయితే కస్టడీ ఉత్తర్వు రాతిమీద గీత కాదు. పరిస్థితులు మారితే మళ్ళీ అదే కోర్టుకి వెళ్ళి మార్చమని అడగొచ్చు. రెండో లోటు మా జడ్జి గారిది కాదు, చట్టానిది. జాయింట్ కస్టడీ అనేది మన చట్టాల్లో విడిగా లేదు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో దాన్ని పెట్టమని సిఫారసు చేసింది. చట్టంలోకి రాలేదు. జడ్జి ఓపిక, ఆసక్తి ఉంటే ఇలాంటి ఉత్తర్వు వస్తుంది. లేకపోతే 'నెలకి రెండుసార్లు, రెండు గంటలు' అన్న ఒక్క వాక్యంతో అయిపోతుంది. అలాంటి కాగితం చేతిలో పట్టుకుని మెట్లు దిగిన తండ్రుల్ని, తల్లుల్ని కూడా ఆ కోర్టులోనే చూశాను.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, బిడ్డకి ప్రమాదం ఉన్నవాళ్ళకి నా అనుభవం కొలమానం కాదు. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ తాత్కాలిక కస్టడీ ఇవ్వగలరు, అవతలివాళ్ళు కలవడం బిడ్డకి హాని అనిపిస్తే ఆపగలరు కూడా. వాళ్ళు ముందు అక్కడికే వెళ్ళాలి. ఇద్దరి ప్రేమా కావాలన్న మాటని వాళ్ళ మీద ఎవరూ రుద్దకూడదు.

ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద 30 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు వేయొచ్చు. మా అన్నయ్య రోజూ ఫోన్ చేసి వేయమంటున్నాడు. తొమ్మిది రోజులు మిగిలాయి. నేను వేయను.

తీర్పు తర్వాత వచ్చిన మొదటి శనివారం గేటు దగ్గర పాపని తీసుకున్నాను. ఎప్పుడూ నాకు ఒక్క మాట చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయే మనిషి, ఆ రోజు బ్యాగు నా చేతికిచ్చి 'ముందు జేబులో కాగితం ఉంది, చూడండి' అని వెళ్ళింది. బస్సులో తీశాను. పైన 'శనివారం, ఆదివారం' అని రాసి ఉంది. రెండు వైపులా నిండా ఉంది. కొత్తగా పన్ను కదులుతోందట, కుడివైపు కింద, లాగొద్దు, దానంతట అది ఊడాలి. చీకటి భయం తగ్గింది కానీ బాత్రూమ్ లైటు వేసి ఉంచాలి. సాక్సు సంగతి రాయలేదు. అది నాకు తెలుసని తనకి తెలుసు.

ఆదివారం సాయంత్రం పాప బూట్లు వేసుకుంటుంటే నేనూ ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. రాత్రి రెండుసార్లు దగ్గింది, మందు అక్కర్లేకపోయింది. మా అమ్మతో కలిసి ముగ్గు వేసింది. లెక్కల హోంవర్క్ అయింది, తెలుగు మిగిలింది. పన్ను ఇంకా ఊడలేదు. 'నాన్నా, బస్సుకి టైమ్ అవుతోంది' అని పాప అనేసరికి ఒక వైపు నిండింది. మడిచి బ్యాగు ముందు జేబులో పెట్టాను.